బీఈడీ చదువుతూ కాన్పు: ముందు హాజరు లెక్క, తర్వాతే సిలబస్

బీఈడీలో చేరాక నెల తప్పినవాళ్లు, చంటిపిల్లతో టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) చదివేవాళ్లు అమలాపురం, భీమవరం వైపు కాలేజీల్లో కొత్త కాదు. అందరూ ముందు అడిగేది ఏ పుస్తకం చదవాలని. దెబ్బ తినేది మాత్రం హాజరు దగ్గర. సిలబస్‌ని ఏ అర్ధరాత్రో లాగించొచ్చు, పోయిన హాజరు తిరిగి రాదు.

టీచర్ కోర్సులకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లో పెద్ద విడత 16 వారాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 96 రోజులు, అందులో మానగలిగేది 9. కాన్పయ్యాక ఆరు వారాలే ఇంటిపట్టున ఉన్నా 36 పనిరోజులు పోతాయి. కాబట్టి కాన్పు ఆ 16 వారాల్లో పడితే ఎలాగో నెట్టుకొద్దామనుకోవద్దు. రెండేళ్ల కోర్సు పూర్తి చేయడానికి చేరిన నాటి నుంచి మూడేళ్ల గడువుంది, ఆ మిగులు ఏడాది ఇలాంటి అవసరానికే. తర్వాతి బ్యాచ్‌తో ఇంటర్న్‌షిప్ చేస్తామని కాన్పుకు ముందే ప్రిన్సిపాల్‌కి అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "చూద్దాంలేమ్మా" అన్న నోటిమాట పరీక్ష ఫీజు కట్టేనాటికి ఎవరికీ గుర్తుండదు. విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు మీద నిబంధనలు పెట్టుకోమని యూజీసీ 2021 డిసెంబరులో యూనివర్సిటీలకు రాసింది. అర్జీలో ఆ సంగతి ఒక వాక్యం రాయండి.

పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలన్నదీ హాజరు సంగతే. కాలేజీ రాజోలు వైపు, పుట్టిల్లు నర్సాపురం వైపు అయితే వరదల్లో గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఆపేస్తారు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. జులై, ఆగస్టుల్లో పరీక్షలుంటే అవి అయ్యేదాకా కాలేజీ ఉన్న ఒడ్డునే ఉండడం మేలు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ లేదు, బాగుంది, సీటు దొరకడమే కష్టం. దొరికితే వెనక చక్రం మీది సీటు మాత్రం వద్దు, కాలవగట్టు రోడ్డు మీద ప్రతి గుంతా నడుముకే తగులుతుంది.

లెసన్ ప్లాన్ రికార్డులన్నీ ఏడో నెలలోపు రాసేయండి. ఆ తర్వాత చాలామందికి వేళ్లు నీరు పట్టి, పెన్ను పట్టుకుంటే తిమ్మిరెక్కుతాయి. కాళ్ల వాపు మామూలే. మొహం ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, బోర్డు మసకగా కనిపించినా మాత్రం క్లాసు వదిలేసి అదే రోజు బీపీ చూపించుకోండి. 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్షకి గ్లూకోజ్ తాగి రెండు గంటలు కూర్చోవాలి, చదువుకోను బిట్ల పుస్తకం పట్టుకెళ్లండి. టెట్‌కి జీవితకాలం చెల్లుబాటు ఉంది, ఆ మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ కూడా. రాసే అర్హత ఉండి, నోటిఫికేషన్ కుదిరితే వాంతులు తగ్గే నాలుగు, ఐదు, ఆరు నెలల్లో రాసేయండి.

బాలింత పుస్తకం పడితే కళ్లు పోతాయని పెద్దవాళ్లు అంటారు. వాదించకుండా పాఠాలు సొంత గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. చెవుల్లో దూది కింద ఇయర్‌ఫోన్ ఉందని ఏ అత్తగారూ కనిపెట్టలేదు. పాలిచ్చేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు గనక సైకాలజీ, విద్యా దృక్పథాలు వినండి. లెక్కలు, గ్రామర్‌లాంటి కాగితం కావాల్సినవి బిడ్డ నిద్రకి ఉంచండి. ఆ నిద్ర మొదటి నెలల్లో అరగంటా కావచ్చు, రెండు గంటలూ కావచ్చు. అందుకే 25 నిమిషాల ముక్కలుగా కోసుకున్న సిలబస్సే ముందుకు కదులుతుంది.

కాలేజీకి మళ్లీ వెళ్లేటప్పుడు పాలు పిండి ఇంట్లో పెట్టొచ్చు. స్టీలు గిన్నె, ఉగ్గుగిన్నె పది నిమిషాలు నీళ్లలో మరగనివ్వాలి. పిండిన పాలు చల్లటి గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన మే నెల ఉక్కలో బయట పెట్టనే వద్దు, నేరుగా ఫ్రిజ్‌లోకే. పట్టేముందు గిన్నెని వేడినీళ్లలో ఉంచండి, పొయ్యి మీద పెట్టకండి. మీకు మూడో గంటకి పాలు చేపుకొస్తాయి. విరామంలో పిండేయకపోతే రొమ్ము గడ్డకట్టి జ్వరం పట్టుకుంటుంది, దాంతో ఇంకో మూడు రోజుల హాజరు పోతుంది.

6, 10, 14 వారాల టీకాలు వేసిన రాత్రి బిడ్డకి జ్వరం రావచ్చు. మర్నాడు పరీక్ష ఉంటే టీకా మానకుండా, ఏఎన్‌ఎం గారిని అడిగి పరీక్ష అయ్యాక వచ్చే టీకా రోజుకి మార్చుకోండి. టెట్ 150 బిట్లు, రెండున్నర గంటలు. గేటు ముందే మూసేస్తారు గనక బిడ్డకి దూరంగా ఉండేది నాలుగు గంటల పైమాటే. బిడ్డని పట్టుకునే మనిషి సెంటర్ దగ్గరే నీడన ఉండాలి. గేటు బయట పాలిచ్చి, పాలు కారినా కనపడకుండా ముదురు రంగు జాకెట్టులో మడిచిన మెత్తటి నూలుగుడ్డ పెట్టుకుని లోపలికి వెళ్లండి.