నాసిక్‌లో వైన్ టేస్టింగ్: నా ముక్కు చెప్పింది నిజమే

నిన్న రాత్రే నాసిక్ నుంచి పుణె ఇంటికొచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేలోపే రాసేస్తున్నాను.

మా ఆయన ఆఫీసు వాళ్లతో కలిసి ఎనిమిది మందిమి వెళ్లాం. బుకింగ్ ఫోన్లో ఐదు నిమిషాల్లో అయిపోయింది. నాసిక్ వైన్ అనగానే అందరికీ సులా కంపెనీ గుర్తొస్తుంది, మేం వెళ్లింది అక్కడికి కాదు, ఇంకో వైన్ తోటకి. దాని పేరు చెప్పను.

తోట మాత్రం బాగుంది. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ కోతలు, వెళ్తే అప్పుడే వెళ్లండి. వైన్ ద్రాక్ష మనం తినే రకం కాదు. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజలు. రెడ్ వైన్‌కి రంగు ఆ తోలు నుంచే వస్తుంది. ఒక పండు కోసిచ్చారు. గింజ కొరికితే నాలుక పట్టేసేంత వగరు.

తర్వాత టేస్టింగ్ గది. ఐదు రకాలు, ఒక్కోటి 30 మి.లీ. దాకా పోశారు. గ్లాసు కాడ పట్టుకోవాలి, రంగు చూడాలి, తిప్పాలి, వాసన చూడాలి, ఆ తర్వాతే గుక్క. ఇంతవరకు కష్టమేం లేదు.

మొదటిది సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్. గైడు కుర్రాడు "ఏం వాసన వస్తోంది?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరు ఆపిల్ అన్నారు, ఇంకొకరు నిమ్మ అన్నారు. నా వంతు వచ్చింది. "పచ్చిమిరపకాయ తుంచితే వచ్చే వాసన, దాని వెనక దోర జామకాయ" అన్నాను. "మేడం, ఇది వైన్, చట్నీ కాదు" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. అదే ఎక్కువ బాధేసింది.

నేను గుంటూరులో పుట్టాను. మా నాన్న ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో పనిచేశారు. కళ్లు మూసుకుని వాసన చూసి అది కొత్త సరుకో, కోల్డ్ స్టోరేజీ సరుకో చెప్పగలను. నా ముక్కుకి ఆ కుర్రాడు మార్కులు వేస్తాడా?

చేతిలో కార్డు చూసి "గూస్‌బెర్రీ, ప్యాషన్ ఫ్రూట్" అని చదివాడు. "గూస్‌బెర్రీ మీరెప్పుడైనా తిన్నారా? మన ఉసిరి కాదు, ఆ యూరప్ పండు" అని అడిగాను. తినలేదట! ఎవరో వాళ్ల దేశపు పళ్ల పేర్లు రాసి పెడితే అవే చెప్పాలా?

ఇంటికొచ్చి చదివాను. క్యాప్సికమ్‌కి ఆ పచ్చి వాసన ఇచ్చే మిథాక్సీ పైరజీన్లు అనే పదార్థాలే ఈ ద్రాక్షలోనూ ఉంటాయట. పచ్చిమిరపలోనూ ఉండేవి అవే. జామ వాసన వస్తుందని కూడా ఈ వైన్ గురించి చాలామంది రాశారు. అంటే నేను చెప్పిన రెండూ సరైనవే.

షిరాజ్ అనే రెడ్ వైన్ దగ్గర ఇంకో గందరగోళం. తీపి లేకపోతే డ్రై అన్నాడు, నోరు పిడచకట్టినా డ్రై అన్నాడు. ఏది డ్రై అని అడిగితే విసుక్కున్నాడు. తీపి లేని వైనే డ్రై. నోరు పట్టేసేది టానిన్ అనే పదార్థం పని, అది తోలు, గింజల నుంచి వస్తుంది. దాన్ని అతను ఐదు నిమిషాలు ఇంగ్లీషులో వివరించాడు. మనకి వగరు అన్న ఒక్క మాట చాలు. ఉగాది పచ్చడిలో మామిడి ముక్క కొరికిన ప్రతి తెలుగు పిల్లకీ అదేంటో తెలుసు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. సెంటు కొట్టుకుని, తలలో మల్లెపూలు పెట్టుకుని వెళ్లకండి, వైన్ వాసన అసలు తెలియదు. వైట్ మరీ చల్లగా ఇస్తే వాసన పైకి రాదు. అప్పుడు మాత్రం గ్లాసుని రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకోండి. ఉమ్మడానికి పాత్ర పెడతారు, మొహమాటపడకండి. కడుపు నిండా తిని వెళ్లండి. కార్డు ముందే చేతిలో పెడితే తిప్పి బల్ల మీద పెట్టేయండి.

వైన్ మాత్రం నిజంగా బాగుంది, అందుకే కోపంలోనూ సావిన్యాన్ బ్లాంక్ ఒక సీసా కొన్నాను. పొద్దున దాన్ని తీసి గ్లాసులో కొంచెం పోశాను. ఫ్రిజ్‌లోంచి ఒక పచ్చిమిరపకాయ తెచ్చి తుంచి, రెండూ మా ఆయన ముందు పెట్టాను. ఆయన ఒకటి విడిచి ఒకటి మూడుసార్లు వాసన చూశారు. తర్వాత ఫోన్ తీసుకుని ఆఫీసు గ్రూపులో రాశారు: "పచ్చిమిరపకాయే."