ఫలకం కూడా ఫొటోలో పడాలి

నెల్లూరులో కొత్త కారు కొన్నవాళ్లు చాలామంది జొన్నవాడ తీసుకెళ్లి కామాక్షమ్మ గుడి ముందు పూజ చేయిస్తారు. బానెట్ మీద పసుపు పూసి కుంకుమతో స్వస్తిక్ వేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. స్టేటస్ పెడితే గంటలో "కంగ్రాట్స్ అన్నా" అని మెసేజ్‌లు కుప్పపడతాయి. అదే అన్న జర్మనీలోని మ్యూనిక్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొని, అదే కుంకుమతో అదే గుర్తు వేసి అపార్ట్‌మెంట్ కింద నిలబెట్టాడనుకోండి, పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేసినా ఆశ్చర్యం లేదు. వాళ్ల కంటికది హిట్లర్ నాజీ పార్టీ గుర్తు.

జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ కింద నాజీ గుర్తుల్ని బహిరంగంగా వాడినా, పంచినా జరిమానా గానీ మూడేళ్ల దాకా జైలు గానీ పడుతుంది. చదువు, కళ, పరిశోధన, వార్తలు, చరిత్ర చెప్పడం వంటి వాటికి మినహాయింపు ఉంది. గుర్తును కొట్టేసినట్టు గీత పెట్టి, నాజీలకు వ్యతిరేకమని స్పష్టంగా కనపడితే నేరం కాదని 2007లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. మన పూజల్లోని స్వస్తిక్ కోసం పెట్టిన చట్టం కాదది. కానీ ఫోన్‌లో చూసేవాడికి మన పూజ తెలీదు, ఫొటోలో ఏముందో అదే తెలుస్తుంది.

"వాళ్లది తిరగేసి ఉంటుంది, మనది సరిగ్గా ఉంటుంది" అని మనవాళ్లు చెప్పే జవాబు ఒకటుంది. అది తప్పు. నాజీ గుర్తు చేతులు కూడా కుడివైపుకే తిరిగి ఉంటాయి. జెండా మీద దాన్ని 45 డిగ్రీలు వాలుగా తిప్పారు గానీ, వాల్చకుండా నిటారుగా వాడిన చోట్లూ ఉన్నాయి. దిక్కూ వాలూ చూపించి వాదించి లాభం లేదు. మన గుర్తు మనదని చెప్పేవి నాలుగు చుక్కలు, పసుపు కుంకుమ, పక్కనున్న దీపం, పైనున్న మామిడి తోరణం. ఒంగోలులో గృహప్రవేశానికి వచ్చి గడప ఫొటో తీసేటప్పుడు గుర్తు మీదికి జూమ్ చేయకుండా నాలుగడుగులు వెనక్కి జరగండి. తోరణం నుంచి ముగ్గు దాకా పట్టండి. దాన్ని డీపీగా మాత్రం పెట్టొద్దు. వాట్సాప్ గుండ్రంగా కత్తిరిస్తే తోరణం ఎగిరిపోయి గుర్తొక్కటే మిగులుతుంది. ఆఫీసు ఖాతాకైతే అసలే వద్దు. రాసేటప్పుడు 'హాకెన్‌క్రాయ్‌ట్స్' అనే జర్మన్ మాట వాడకండి. అది నాజీ గుర్తు పేరు.

ఇక సెలవు రోజున చూడబోయేవి. జర్మనీలోని విటెన్‌బర్గ్ ఊరి చర్చి గోడ మీద యూదుల్ని పందితో కలిపి అవమానించే శిల్పం ఉంది, సుమారు 700 ఏళ్లనాటిది. దాన్ని తీసేయాలని వేసిన కేసును 2022లో కోర్టు కొట్టేసింది. శిల్పం అవమానకరమైనదే, అయితే 1988లో దాని కింద నేల మీద పెట్టిన స్మారక ఫలకం, వివరం చెప్పే బోర్డు వల్ల ఆ చోటు ఇప్పుడు హెచ్చరికగా మారిందని కోర్టు మాట. తీర్పంతా ఆ ఫలకం మీదే నిలబడింది. ఫొటో తీసేవాడి కష్టమూ అక్కడే. శిల్పమేమో పైన, ఫలకమేమో కాళ్ల దగ్గర. జూమ్ చేస్తే శిల్పం బాగా వస్తుంది, ఫలకం పోతుంది. ఫోన్ నిలువుగా పట్టుకుని దూరం జరగాలి. అప్పటికీ పట్టకపోతే రెండు ఫొటోలు తీసి, పంపకముందే కొలాజ్‌గా ఒక్కటి చేయాలి. వివరం కింద రాస్తే చాలదా అంటే చాలదు. కందుకూరులో నాన్నకు పంపిన బొమ్మను ఆయన బాబాయిల గ్రూపులో పడేసేసరికి మీరు రాసిన రెండు ముక్కలూ ఊడిపోవచ్చు. స్క్రీన్‌షాట్ తీస్తే మరీను.

అమెరికాలో, అట్లాంటాలోని మనవాళ్లు సరదాగా స్టోన్ మౌంటెన్ అనే కొండ దగ్గరికి పోతుంటారు. కొండ రాతి మీద చెక్కిన, గుర్రాలెక్కిన ముగ్గురు తెలియనివాళ్లకు ఏ రాజులో అనిపిస్తారు. వాళ్లు జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ లీ, స్టోన్‌వాల్ జాక్సన్. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరేట్ (దక్షిణాది రాష్ట్రాల) నాయకులు. నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ 1915లో మళ్లీ పుట్టింది ఆ కొండ మీదే. చెక్కడం ముగిసింది 1972లో. ముందు నిలబడి చేతులు చాపి, వేళ్లతో 'వి' చూపించిన ఫొటో సోమవారం ఆఫీసులో నల్లజాతి సహోద్యోగి కంట పడితే మనకు తెలీదని ఆయన అనుకోడు. తెలిసే చేశామనుకుంటాడు. కొండను తీసుకోండి, మీరు పక్కకు తప్పుకోండి.

పోలండ్‌లో నాజీలు యూదుల్ని చంపిన శిబిరం ఆష్విట్జ్, ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఫ్లాష్ వాడకూడదు. బాధితుల తలవెంట్రుకలున్న గదిలో, 11వ బ్లాకు నేలమాళిగలో ఫొటోలే తీయకూడదు. అక్కడినుంచి వచ్చాక ఫోన్ తనంతట తానే చేసే పని ఇంకోటుంది. ఏడాది తిరిగేసరికి 'మెమొరీస్' పేరుతో ఆ ముళ్లకంచెకు హుషారైన పాట తగిలించి వీడియో చేసి పెడుతుంది. గూగుల్ ఫొటోస్ సెట్టింగుల్లో ఆ తేదీని దాచేయొచ్చు.

అన్నింటికన్నా చిక్కు పనిచోట. వేర్‌హౌస్ నైట్ షిఫ్ట్‌లో బాత్రూం తలుపు మీద ఎవడో నాజీ గుర్తు గీశాడు, లేదా అమెరికాలో నల్లజాతివాళ్లను బెదిరించడానికి లాకర్‌కు ఉరితాడు వేలాడదీశాడు. తుడవొద్దు, విప్పొద్దు. లోపల ఎవరూ లేరని చూసుకుని, తలుపూ నంబరూ కనపడేలా ఒకటి, పక్కన పెన్ను పెట్టి దగ్గరగా ఒకటి తీయండి. ఫోన్ నిషేధమున్న చోట తీస్తే తప్పు మన మీదికే తిరుగుతుంది. అలాంటి చోట సూపర్‌వైజర్‌నే పిలిచి తీయమనండి. టైమూ, అంతస్తూ కాగితం మీద రాసుకోండి. ఫైలు పంపాల్సివస్తే మెయిల్‌లోనో, వాట్సాప్‌లో అయితే 'డాక్యుమెంట్'గానో పంపండి. మామూలు ఫొటోగా పంపితే సైజు కుదించి, ఎప్పుడు తీశామన్న వివరం తీసేస్తుంది. కావలి కుర్రాళ్ల గ్రూపులో "చూడండ్రా ఇక్కడ ఏం జరుగుతోందో" అని పెట్టబుద్ధవుతుంది. గీసినవాడికి కావాల్సిందీ అదే. జర్మనీలో అయితే పంచినవాళ్ల లెక్కలో మనమూ చేరే ప్రమాదముంది. పోలీసులు ఫిర్యాదు నంబరిస్తే రాసిపెట్టుకోండి. మిగతా కాపీలు చెరిపేసి, అసలు ఫైలొక్కటి కేసు తేలేదాకా ఉంచండి.