212 రోజుల సస్పెన్షన్: మళ్లీ డ్యూటీలో చేరేదాకా నా అనుభవం

నిన్న మొదటి షిఫ్టులో డ్యూటీలో చేరాను. మొత్తం 212 రోజులు. నాది కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ, పేరు రాయను. 24 ఏళ్ల సర్వీసు, యూనియన్‌లో బ్రాంచి సహాయ కార్యదర్శిని. రేపు ఇంకెవరికైనా ఇదే గతి పడితే పనికొస్తుందని, చిన్న చిన్న సంగతులు మర్చిపోకముందే రాసి పెడుతున్నాను. మా కేసంతా కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి రాకముందున్న పాత చట్టాల కిందే నడిచింది.

సమ్మె చేసింది ఒక్కరోజే. నోటీసిచ్చి 14 రోజులు ఆగాకే చేశాం. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది కార్యకర్తలకు తెలీదు. పాత చట్టం ప్రకారం, పబ్లిక్ యుటిలిటీగా (ప్రజలకు అత్యవసర సేవగా) ప్రకటించిన సంస్థలో సమ్మె నోటీసు కన్సిలియేషన్ అధికారికి, అంటే రాజీ కుదిర్చే ప్రభుత్వాధికారికి, అందిన రోజే కన్సిలియేషన్ మొదలైనట్టు లెక్క. అది నడుస్తున్నంత కాలం, ముగిశాక ఇంకో 7 రోజులు, సమ్మె చేస్తే చట్టవిరుద్ధమే. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 20, 22 సెక్షన్లు చెప్పింది ఇదే. యాజమాన్యం వాయిదాలు అడుగుతూ కూర్చుంటే చాలు, పద్ధతిగా నోటీసిచ్చినవాళ్లమే తప్పు చేసినవాళ్లమైపోతాం. 2020లో తెచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనైతే సగం మంది కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

సస్పెన్షన్ ఆర్డరు నాలుగో రోజు వచ్చింది. ఛార్జిషీటు ఇచ్చారు, జవాబు రాశాను. ఇవి పెద్ద కష్టం కాదు.

మా యూనియన్ వాళ్ల మీద నాకు కోపం ఎందుకో కూడా చెప్పాలి. ప్రొటెక్టెడ్ వర్క్‌మెన్ జాబితా అని ఒకటుంది. పాత రూల్స్ ప్రకారం ఏటా ఏప్రిల్ 30 లోపు యూనియన్ తన ఆఫీసు బేరర్ల పేర్లు యాజమాన్యానికి పంపాలి. అందులో పేరున్నవాణ్ని, వివాదం పెండింగులో ఉండగా, ముందస్తు అనుమతి లేకుండా తీసెయ్యడానికి వీల్లేదు. సస్పెన్షన్ ఆగేది కాదనుకోండి, డిస్మిస్ చేస్తారన్న భయంతో రాత్రుళ్లు నిద్రపట్టని బాధైనా తప్పేది. మావాళ్లు ఆ ఏడు జాబితా పంపనే లేదు. చందాలు వసూలు చేయడం గుర్తుంటుంది, ఒక్క ఉత్తరం గుర్తుండదు. మీ యూనియన్ పంపిందో లేదో ఇవాళే అడగండి, అక్నాలెడ్జ్‌మెంట్ కళ్లతో చూడండి.

ఇక గేటు సంగతి. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్లూ రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు సెక్యూరిటీ గదిలో సంతకం పెట్టాలన్నారు, పెట్టని రోజుకు జీవనభృతి (సస్పెన్షన్‌లో ఇచ్చే జీతభాగం) కోస్తామన్నారు. సరే అని వెళ్లాను. అక్కడ నా ముందు పెట్టింది విజిటర్ల రిజిస్టరు. పేరు, ఎక్కడి నుంచి, ఎవరిని కలవాలి, పని ఏమిటి. 24 ఏళ్లు పనిచేసిన చోట 'ఎక్కడి నుంచి' అన్న గడిలో ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సెక్యూరిటీ తమ్ముడే మెల్లగా, "అన్నా, 'సస్పెన్షన్ హాజరు' అని రాయమన్నారు" అన్నాడు. మొదటి రోజు కుర్చీ వేశాడు. రెండో రోజు కుర్చీ లేదు, ఎవరో ఏదో అన్నట్టున్నారు, నా ముఖం కూడా చూడలేకపోయాడు.

రెండు గంటలే ఎందుకో అర్థం కావడానికి వారం పట్టింది. షిఫ్టు మారే టైమది. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అందరూ ఆ గది ముందు నుంచే వెళ్లాలి. నా సంతకం ఎవరికీ అక్కర్లేదు, నేను అక్కడ నిలబడి ఉండటం నలుగురూ చూడాలి, అంతే. నెల తిరక్కుండానే నాతో రోజూ టీ తాగినవాళ్లు వెనక గేటు నుంచి పోవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టను, పిల్లలున్నవాళ్లు. కానీ ఆ రోజుల్లో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

దీనికి తోడు నెలనెలా ఇంకెక్కడా ఉద్యోగం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వాలి, అది రూలే. మూడో నెల పర్సనల్ సెక్షన్ గుమాస్తా దాన్ని వెనక్కి తోసి, "మీ ఆవిడ జాకెట్లు కుడతారంట కదా, మీరు సాయం చెయ్యట్లేదని కూడా రాయండి" అన్నాడు. నా కంటే మూడేళ్లు చిన్నవాడు, వాళ్లమ్మాయి పెళ్లికి దగ్గరుండి పనులు చేశాను. ఆ మాట మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రాత్రే కూర్చుని ఉత్తరం రాశాను. పాత స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలో ఉద్యోగ నిబంధనల) చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం మొదటి 90 రోజులు సగం జీతం, విచారణ ఆలస్యం నా వల్ల కాకపోతే తర్వాత 75 శాతం ఇవ్వాలి. రోజూ గేటు దగ్గర సంతకం పెట్టాలని అందులో ఎక్కడుందో, ఏ రూలు కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు రాలేదు. మరుసటి వారం నుంచి మాత్రం సంతకం అడగడం మానేశారు. మొదటి రోజే రాయాల్సిన ఉత్తరమది. మీరు రాయండి, నోటితో అడగకండి.

ఎంక్వైరీ ఐదు సిట్టింగుల్లో అయిపోయింది. సాక్ష్యమంతా ఒక్క ఫొటో, నా తల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. ఎంక్వైరీ ఆఫీసరు, 2003లోనే సుప్రీంకోర్టు సమ్మె హక్కు లేదని చెప్పేసింది కదా అన్నాడు. అది తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగుల కేసండీ, మాకు వర్తించేది పారిశ్రామిక వివాదాల చట్టం, అందులో సమ్మె ఎప్పుడు కూడదో రాశారంటే మిగతా సమయంలో కూడుననే కదా అర్థం అన్నాను. ఆ మాట ప్రొసీడింగ్స్‌లో రాసేదాకా సంతకం పెట్టనన్నాను, రాయించాను. నాకు సాయంగా కూర్చున్న మా సీనియర్ బయటికొచ్చాక భుజం తట్టాడు.

చివరికి ఒక ఇంక్రిమెంటు కోత, సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా లెక్కించరు. ఇకమీదట సమ్మెలో పాల్గొనను అని హామీపత్రం ఇస్తే ఇంక్రిమెంటు వదిలేస్తామన్నారు. ఇవ్వలేదు. మా నాన్న 1974 రైల్వే సమ్మెలో 20 రోజులూ నిలబడ్డ మనిషి, ఆయన కొడుకుని ఆ కాగితం మీద సంతకం ఎలా పెడతాను?

91వ రోజు నుంచి 75 శాతం రావాలి కదా, చివరిదాకా సగమే ఇచ్చారు. 122 రోజుల తేడా ఇంకా బాకీ ఉంది. పే స్లిప్పులన్నీ జిరాక్సు తీసి పెట్టాను, సోమవారం వకీలు దగ్గరికి వెళ్తున్నాను.