పిల్లుల గిన్నె ఎక్కడ పెట్టాలి

జూన్ 9. మృగశిర పుణ్యమా అని రాత్రి గట్టి వానే పడింది. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువు పక్క కాలనీలో పొద్దున్నే మొదటి పని, వీధి పిల్లులు తలదాచుకునే పెట్టెల్లోంచి తడిసిన గోనెపట్టాలు లాగేయడం. గుడ్డ నీళ్లు పీల్చుకుంటే ఒక పట్టాన ఆరదు, కూనలు చలికి వణుకుతాయి. వరిగడ్డి వేస్తే నీళ్లు కిందికి జారిపోతాయి. చేపల దుకాణాల్లో పారేసే థర్మకోల్ పెట్టె, ఆరంగుళాల రంధ్రం, అడుగున నాలుగు ఇటుకలు. రంధ్రం అంతకన్నా పెద్దదైతే కుక్క తల దూరుస్తుంది.

పెట్టెలు మాత్రం గట్టు వైపు పెట్టకూడదు. ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మార్చి నుంచి ఆగస్టు దాకా గులకరాళ్ల మధ్య తీతువులు నాలుగేసి గుడ్లు పెడతాయి (కూస్తే అశుభమని మనవాళ్లు తిట్టుకునే పిట్టే). గూడంటే నేల మీద చిన్న గుంట, అంతే. పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి గానీ ఎగరడానికి నెల పైనే పడుతుంది. అన్నాళ్లూ పిల్లి నోటికి అందే ఎత్తులోనే ఉంటాయి.

కడుపు నిండితే వేటాడదంటారు. వేటాడుతుంది. తిండి పెట్టడం వల్ల అసలు లాభం, పిల్లి రోజూ ఒక చోటికి, ఒక వేళకి రావడం. వెలుతురుండగా అరగంట పెట్టి, మిగిలింది తీసేయాలి. వదిలేస్తే పందికొక్కులూ కాకులూ చేరతాయి, ఆ కాకులే తీతువు గుడ్లూ ఎత్తుకుపోతాయి. గట్టు మీద తినడానికి అలవాటుపడిన పిల్లుల గిన్నెను రోజుకు పదేసి అడుగులు లోపలికి జరపాలి. ఒక్కసారే మారిస్తే రావు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి పిల్లిని బోనులో పట్టాలి. బోను పెట్టే ముందు రాత్రి గిన్నె బంద్, నీళ్లు మాత్రం ఉంచాలి. ఎండుచేపను పలక (కాలు పడితే తలుపు మూసుకునేది) దాటించి బోను చివరన పెట్టాలి. పలక దగ్గరే ఉంటే మెడ చాచి తినేసి పోతుంది. తలుపు పడగానే దుప్పటి కప్పకపోతే ముక్కు చీరుకుపోయేదాకా కొట్టుకుంటుంది. పాలిచ్చే తల్లి పడితే, కూనల జాడ తెలిసేదాకా వదిలేయడమే నయం. ఆపరేషన్‌లోనే ఎడమ చెవి కొస కత్తిరిస్తారు, మళ్లీ పట్టక్కర్లేదని దూరం నుంచే తెలుస్తుంది. మగదాన్ని మర్నాడు, ఆడదాన్ని రెండు మూడు రోజులకు పట్టిన చోటే వదలాలి. చెరువు అవతల వదిలొద్దామనే సలహా అన్నిటికన్నా చెడ్డది. ఆపరేషన్ అయినా వేట మానదు, కొత్త కూనలు పుట్టవు, అంతే. మచ్చికయ్యే వయసు కూనల్ని ఇళ్లకిచ్చేస్తేనే వీధి పిల్లుల లెక్క త్వరగా తగ్గుతుంది.

రేపటి ఆపరేషన్లకు డాక్టర్ ఇంకా ఖాయం చెప్పలేదు. చెబితే రాత్రికి గిన్నె ఎత్తేయడం, లేదంటే మామూలుగానే తిండి.