తప్పిపోయింది ఎవరు?

యమలింగం దాటేసరికే అరికాళ్లు మొరపెట్టుకోవడం మొదలుపెట్టాయి. అరుణాచలం చుట్టూ పౌర్ణమి రాత్రి, చెప్పుల్లేకుండా 14 కిలోమీటర్లు. దారి పొడవునా ఉన్న అష్టలింగాల్లో అది మూడోదే. "ఏమిరా, అప్పుడే కుంటుతున్నావు?" అంది ముందు నడుస్తున్న అక్క. నాకంటే అయిదేళ్లు పెద్దది. జవాబు చెప్పలేదు.

అంతకుముందు రమణాశ్రమంలో కాసేపు కూర్చున్నాం. 1896లో మదురైలో 16 ఏళ్ల వేంకటరామన్‌ను ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. ఎవరినీ పిలవలేదు. శవంలా బిగుసుకుని పడుకుని, ఈ దేహం పోతే నేనూ పోతానా అని లోపలికి చూసుకున్నాడు. కొన్ని వారాలకే, సెప్టెంబరు 1న ఈ కొండ ఉన్న తిరువణ్ణామలై చేరి, 1950లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయాడు. అతనికి రమణ మహర్షి అన్న పేరు పెట్టింది మన తెలుగు పండితుడు కావ్యకంఠ గణపతి ముని. ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. పదహారేళ్లకు వదిలేయడానికి ఏముంటుంది? నన్ను 'నువ్వెవరు' అని అడిగితే సర్వీసు రిజిస్టరు, ఇంటి అప్పు, మోకాలి నొప్పి వరసగా బయటికి వస్తాయి.

అయినా ఆ ప్రశ్న వేసుకుంటూ నడుద్దామనుకున్నాను. 'కాళ్లు మండుతున్నవాడిని' అన్న జవాబు తప్ప మరొకటి రాలేదు. దారికి ఎడమ పక్కనే నడవాలని, కొండ పక్క సిద్ధులు తిరుగుతారని అంటారు. ఆ రాత్రి వాళ్లకు ఎవరూ చోటు మిగల్చలేదు.

ఆది అణ్ణామలై గుడి దగ్గర జనంలో అక్క కనిపించకుండా పోయింది. నా ఫోను, డబ్బు ఆమె సంచిలోనే ఉన్నాయి. సహాయ కేంద్రంలో ఒక కుర్రాడు వచ్చీరాని తెలుగులో, "ఎవరు తప్పిపోయారు?" అన్నాడు.

"మా అక్క."

"ఫోను, డబ్బు ఎవరి దగ్గర?"

"ఆమె దగ్గరే."

"అయితే తప్పిపోయింది మీరే" అని నా వివరాలు రాయడం మొదలుపెట్టాడు. పేరు, వయసు చెప్పాను. చొక్కా రంగు అడిగితే కిందికి చూసుకోవలసి వచ్చింది. ఆనవాళ్లు? ఏమీ తోచలేదు. "కుంటుతున్నారు కదా" అని తనే రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల దరఖాస్తులు పూర్తి చేయించిన గుమస్తాను. నా దరఖాస్తు రెండు వరుసల్లో అయిపోయింది.

మైకులో నా పేరు వంకరటింకరగా వినిపించింది. నీలం చొక్కా, కుంటి నడక, యాభై ఏడేళ్లు. 'ఎవరో పాపం' అనుకున్నాను. ఆ తర్వాత గానీ అది నేనేనని వెలగలేదు. మరి పాపం అనుకున్నది ఎవరు? ఆ కాసేపూ అరికాళ్ల మంట కూడా గుర్తు లేదు. ఎంతసేపో చెప్పలేను. మళ్లీ రప్పిద్దామని ప్రయత్నించాను, రాలేదు.

అక్క రొప్పుతూ వచ్చింది. "ఎక్కడికి పోయావురా?"

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే నిలబడ్డాను."

సంచిలోంచి ఫోను తీసి ఇవ్వబోయింది. నీ దగ్గరే ఉండనీ అన్నాను. వాయు, కుబేర, ఈశాన్య లింగాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఈసారి ఆమె నా వెనక నడిచింది.