బి ఫర్ బొబ్బిలి

2025 ఆగస్టు 12, మంగళవారం, విజయనగరం

శ్రావణ మంగళవారం కదా, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మ గుడి ఉదయం నుంచీ కిటకిటలాడుతూనే ఉంది. స్కూలుకి సెలవు పెట్టాను. మధ్యాహ్నం అమ్మని తీసుకురావడానికి విశాఖ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలి. దర్శనం చేసుకుని గంటస్తంభం వైపు నడిచి, పూల బుట్టల దగ్గర నిలబడి బేరం మొదలుపెట్టానో లేదో ఫోన్ మోగింది. అమ్మే.

"పాపా, నా కాగితం పోయిందే."

ఏ కాగితమో అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అమ్మకి బోర్డింగ్ పాసూ కాగితమే, పట్టాదారు పాసుపుస్తకమూ కాగితమే, డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా కాగితమే. ఈసారి పోయింది బోర్డింగ్ పాసు. శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కుర్చీలో కూర్చుందట. చేతిసంచీ రెండుసార్లు దులిపిందట. పక్కనున్న వాళ్ళు కూడా లేచి కుర్చీల కింద వెతికారట. తమ్ముడు ఆమెని లోపలికి పంపించి తిరిగి వెళ్తున్నాడు. వాడు బండి నడుపుతున్నప్పుడు ఫోన్ ఎత్తడు. ఆ మంచి అలవాటు చేయించింది కూడా అమ్మే.

"ఇప్పుడేటి చెయ్యమంటావు? నన్ను దింపీస్తారా?"

ఇంకా విమానం ఎక్కనే లేదు, దింపేది ఎక్కడి నుంచి! ఆ మాట అంటే ఏడ్చేసేలా ఉందని ఊరుకున్నాను. టైము చూశాను. పన్నెండున్నర. విమానం 1.40కి. గేటు ఇరవై, పాతిక నిమిషాల ముందు మూసేస్తారు. అంటే ఒకటింపావు దాకా ఢోకా లేదు. ముందు ఆ లెక్క చెప్పాను. ఇలాంటప్పుడు మనిషికి తొందరగా కావాల్సింది ధైర్యం కాదు, ఎంత టైముందో ఎవరైనా కచ్చితంగా చెప్పడం. గంటలో మూడొంతుల టైముందని వినగానే అమ్మ గొంతు సర్దుకుంది.

పూలమ్మి అంతా విని, "ఏటమ్మా, ఇమానం తప్పిపోయిందా? మంత్రి మన సిక్కోలోడే కదా, ఓ ఫోను కొట్టండి" అంది. పక్క కొట్టు వాళ్ళు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నిజంగానే అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటి పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం ఎంపీ. 2014 నుంచి 2018 దాకా అదే కుర్చీలో కూర్చున్నది మా ఊరి అశోక్ గజపతిరాజు గారు. పక్కపక్క జిల్లాల నుంచి విమానాల శాఖకి ఇద్దరు మంత్రులు. కానీ ఈ రెండు జిల్లాల వాళ్ళం ఈరోజుకీ విమానం ఎక్కాలంటే విశాఖలో నేవీ వాళ్ళ రన్‌వే దాకా వెళ్ళాల్సిందే. భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు పనులు సాగుతున్నాయి. అది తెరిస్తే మాకు అరగంటలో అయిపోయే పని.

సరే, అమ్మ సంగతి.

వెనక్కి సెక్యూరిటీ దగ్గరికి వెళ్ళి వెతుకుతానంది. వద్దన్నాను. ఒకసారి దాటాక అటు తిరిగి వెళ్ళనివ్వరు. అక్కడ నిలబడి జవాన్లని బతిమాలుకుంటూ కూర్చుంటే ఉన్న టైము కాస్తా పోతుంది. వెతకడం ఆపేసి, గేటు దగ్గర బల్ల వెనకాల నిలబడే ఆ విమాన కంపెనీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆధార్ కార్డు చేతికిచ్చి, పాసు పోయింది, మళ్ళీ కావాలని చెప్పమన్నాను. అంతే. సెక్యూరిటీకి ముందే పోయుంటే చెకిన్ కౌంటర్ దగ్గరికో, అక్కడుండే మిషన్ల దగ్గరికో వెళ్ళాలి. దాటాక పోతే గేటు దగ్గరే. చాలామంది ఈ తేడా తెలియక అటూ ఇటూ పరిగెడతారు.

అమ్మ నమ్మలేదు. కాగితం లేకపోతే ప్రయాణం లేదన్నది ఆమె జీవితమంతా చూసిన సత్యం. ఆర్టీసీ బస్సులో టికెట్టు పారేసుకుంటే చెకింగ్ వాళ్ళు ఎక్కిన చోటు నుంచి లెక్కగట్టి వసూలు చేసేవారు. అందుకే చిన్నప్పుడు మా టికెట్లన్నీ అమ్మ గాజుల మధ్య దోపుకునేది. ఇక్కడ అలా కాదమ్మా, రైల్లో చార్టులో పేరున్నట్టు నీ పేరు వాళ్ళ కంప్యూటర్లో ఉంది, సీటు నెంబరుతో సహా ఉంది, కాగితం దాని నకలు మాత్రమే అన్నాను. చార్టు అన్న మాట పనిచేసింది. చార్టు మీద అమ్మకి గౌరవం ఉంది.

"మరి నా కాగితం దొరికినోళ్ళు నా సీట్లో కూకుంటే?"

మంచి ప్రశ్నే. ఒకే పేరు, ఒకే సీటు రెండుసార్లు స్కాన్ చేస్తే రెండోసారి మిషను ఒప్పుకోదు. గేటు దగ్గర వాళ్ళు మళ్ళీ చూస్తారు. పైగా కొత్త పాసు పుచ్చుకుని ముందుగా ఎక్కేది నువ్వే కదా అన్నాను.

తర్వాత డబ్బు దగ్గర ఆగింది. ఐదొందల నోటు ఒక్కటే ఉందట, అదీ మడత పెట్టి పసుపు రాసింది. వాయనంలో వచ్చింది కాబోలు. ఏమీ ఇవ్వక్కర్లేదన్నాను. వెబ్ చెకిన్ చేసుకోకుండా కౌంటర్లో పాసు తీసుకుంటే ఒకప్పుడు రెండొందలు అడిగిన రోజులున్నాయి. అలా అదనంగా తీసుకోవద్దని 2022 జూలైలో కేంద్ర విమానయాన శాఖ కంపెనీలకి చెప్పేసింది. ఎవరైనా డబ్బంటే ఫోన్ నాకివ్వమన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకే కొంచెం దర్జాగా అనిపించింది.

పీఎన్ఆర్ కూడా దగ్గర పెట్టుకుంటే మంచిదని మెసేజి వెతికాను. తమ్ముడు బుక్ చేసిన రోజునే పంపాడు. ఆరు అక్షరాలు. బజారు రొదలో ఇంగ్లీషు అక్షరాలు చెప్పడమంటే మాటలు కాదు. నేను బి అంటే ఆమెకి డి అని వినబడుతోంది, డి అంటే టి. ఓ బట్టల కొట్టు మెట్లెక్కి, ఒక చెవి మూసుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"బి ఫర్ బొబ్బిలి."

"బొబ్బిలి. ఊఁ."

"ఎస్ ఫర్ సాలూరు. ఎన్ ఫర్ నెల్లిమర్ల."

"నెల్లిమర్ల. ఊఁ."

"సి ఫర్ చీపురుపల్లి."

"చీపురుపల్లికి సి యా? చ కదే?"

"సి హెచ్ అమ్మా. నువ్వు సి అని రాసుకో. ఆర్ ఫర్ రాజాం. ఆఖర్న పి, పాలకొండ."

రాసుకోవడానికి పెన్ను లేదట. అక్కర్లేదంది. బొబ్బిలి, సాలూరు, నెల్లిమర్ల, చీపురుపల్లి, రాజాం, పాలకొండ అని ఏకబిగిన అప్పజెప్పింది. అమ్మ పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్న ఊళ్ళే చాలావరకూ. ఫోన్ పెట్టేసింది. బట్టల కొట్టతను, చీరలేమైనా చూస్తారామ్మా అన్నాడు.

తర్వాత పది నిమిషాలు ఏమీ తెలియలేదు. నేను చేస్తే ఆమె ఎత్తలేదు. టెన్షన్ పడలేదంటే అబద్ధం. అసలు అమ్మకి కాగితం పోవడం కన్నా పెద్ద భయం వేరే ఉంది. యూనిఫారం వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, ఇంగ్లీషులో మాట్లాడే పాతికేళ్ళ పిల్ల ముందు నిలబడి, నాది పోయింది అని చెప్పడం. ఈ వయసు ఆడవాళ్ళు చాలామంది ఆ ఒక్క పని తప్పించుకోవడానికి సంచీ పదిసార్లు దులుపుతారు, పైడితల్లమ్మకి కొబ్బరికాయ మొక్కుతారు, విజయనగరంలో ఉన్న కూతురికి ఫోన్ చేస్తారు. ఆరు అడుగుల దూరంలో ఉన్న బల్ల దగ్గరికి మాత్రం వెళ్ళరు. దానికి వాళ్ళని అనలేం. బల్లల వెనకాల కూర్చున్న వాళ్ళు ఇన్నాళ్ళూ వాళ్ళతో ఎలా మాట్లాడారో మనకి తెలుసు.

ఫోన్ వచ్చింది.

"ఇచ్చీసింది!"

అంత కష్టపడి నేర్చుకున్న ఊళ్ళ పేర్లు ఆ పిల్ల అడగనే లేదట. ఆధార్ చూసి, పేరు కొట్టి, ఎవరితోనో వాకీటాకీలో ఒక మాట మాట్లాడి, కొత్త పాసు చేతిలో పెట్టిందట. సీటు అదే. అయినా అమ్మ వదల్లేదు. బొబ్బిలి, సాలూరు అంటూ ఆరూ చెప్పే వచ్చిందట. "విందే పాపం, నవ్వుతూ" అంది.

ఇక నేను బయల్దేరాను. మా ఆయన బండి తీశారు. ఆనందపురం దాకా బాగానే వెళ్ళి, ఎన్ఏడీ కూడలి ట్రాఫిక్‌లో మామూలుగానే ఆగి, వేళకి చేరాం.

పాసు ఎలా పోయిందో తిరుగు ప్రయాణంలో చెప్పింది. మా ఇంట్లో వరలక్ష్మీ అమ్మవారి వెండి ముఖం ఒకటుంది, నాయనమ్మ నాటిది. ఏటా వ్రతం ఎక్కడ చేసుకుంటే అక్కడికి వెళ్తుంది. ఈసారి తమ్ముడి ఇంటికి వెళ్ళింది. అమ్మవారిని సామాన్ల పెట్టెలో వేసి కిందకి పంపిస్తానా అని అమ్మ చేతిసంచీలోనే పెట్టుకుంది, పట్టుపంచె ముక్కలో చుట్టి. స్క్రీన్ మీద అదేదో మొద్దులా కనబడిందేమో, సంచీ పక్కకి తీశారు. అక్కడున్న జవాను అమ్మాయి విప్పి చూపించమంది. అమ్మ పాసుని ట్రేలో పెట్టి రెండు చేతులతో మడతలు విప్పింది. ముక్కుపుడక, ముఖాన ఇంకా వదలని కుంకుమ, కళ్ళకి పెట్టిన కాటుక. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి, చెయ్యి వెయ్యకుండానే, ఉంచుకోండమ్మా అని హిందీలో అందట. అమ్మకి హిందీ రాదు గానీ అర్థమైందట. అమ్మవారిని మళ్ళీ చుట్టే హడావుడిలో పాసు ట్రేలోనే ఉండిపోయింది. ట్రే ఇంకో ట్రే కింద పడి వెళ్ళిపోయింది. అక్కడ పోయేవన్నీ దాదాపు ఇలాగే పోతాయి. బెల్టులు, వాచీలు, ఫోన్లు కూడా.

ఒక్కటి మాత్రం మిగిలింది. పెట్టె ఇచ్చినప్పుడు పాసు వెనకాల అంటించిన చిన్న స్టిక్కరు దాంతోపాటే పోయింది. విశాఖలో పెట్టె రాకపోతే ఆ నెంబరే ఆధారం. వాళ్ళ కంప్యూటర్లో ఎలాగూ ఉంటుంది, తీయించుకోవచ్చు, కానీ మన చేతిలో ఉంటే పని తొందరగా అవుతుంది. ఆ అవసరం రాలేదు. పిడికి పాత జాకెట్టు గుడ్డ ముక్క కట్టి ఉన్న పెట్టె అందరికన్నా ముందే వచ్చిందట. ఇకమీదట స్టిక్కరు అంటించిన వెంటనే పాసుని రెండు వైపులా ఫోటో తీసుకోమని చెప్పాను. తీసుకో గానీ ఎవరికీ పంపకు అని కూడా చెప్పాను. ఆ గళ్ళగళ్ళ ముద్రలో పేరూ పీఎన్ఆరూ ఉంటాయి. ఆ రెండూ తెలిసినవాడు కంపెనీ వెబ్‌సైట్లోకి వెళ్ళి మన బుకింగ్ తెరిచేయొచ్చు. ఇంతలో మా ఆయన, ఊరెళ్తున్నామని పాసు ఫోటో స్టేటస్‌లో పెట్టే మా ఆడపడుచుని తలుచుకుని నవ్వారు. ఆయన చెల్లెలు కాబట్టి ఆయన నవ్వొచ్చు, నేను నవ్వకూడదు.

అమ్మ కొత్త పాసుని పారెయ్యనివ్వలేదు. అదీ మంచిదే. మా స్కూల్లో ఒక మాస్టారు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీ మీద వెళ్ళొచ్చి, పాసులు పారేసి, బిల్లు దగ్గర ఇరుక్కున్నారు. చివరికి కంపెనీ వాళ్ళే ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ప్రయాణం చేశాడని ధ్రువపత్రం ఇచ్చారు, పీఎన్ఆర్ చెప్పి అడిగితే. అమ్మకి ఏ బిల్లూ లేదు, ఆమె మాత్రం దాచుకుంటానంటోంది.

తమ్ముడు సాయంత్రం ఫోన్ చేశాడు. అప్పటికి అమ్మ పక్కింటి వాళ్ళకి చెబుతోంది. కథలో జవాను అమ్మాయి అమ్మవారికి దండం కూడా పెట్టేసింది. తమ్ముడిది ఒకటే పాట, డిజియాత్ర పెట్టేస్తే ఈ గొడవే ఉండదు, ముఖం చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది అని. నిజమే, 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై హైదరాబాద్ వచ్చింది, విశాఖలో 2024 సెప్టెంబరులో పెట్టారు. పాసు కాగితం మీద అక్కర్లేదు, అది ముందే యాప్‌లో పెట్టుకుంటాం. రాత్రి భోజనాలయ్యాక అమ్మ ఫోన్లో యాప్ వేసి కూర్చున్నాను. ఆధార్ దగ్గర ఓటీపీ అడిగింది. ఎంతసేపు చూసినా రాలేదు. అమ్మ ఆధార్‌కి ఉన్నది తమ్ముడు బెంగళూరులో ఉన్నప్పటి నెంబరట, అది ఎప్పుడో తీసేశాడు.

నెంబరు మార్పించడానికి అమ్మని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళాలి. వేలిముద్ర కావాలి. రేపు నాకు స్కూలుంది, మా ఆయన తీసుకెళ్తానన్నారు. పొద్దున్నే వెళ్తే తొందరగా అవుతుందట. అమ్మ అప్పుడే అడిగింది, అక్కడికి ఏయే కాగితాలు పట్టుకెళ్ళాలని.