కోన్‌ఫ్లవర్‌కి వెర్రి తెగులు

పోయిన జూలైలో మా పెరట్లో ఒక కోన్‌ఫ్లవర్ మొక్క ఆకుపచ్చగా పూసింది. పక్క మొక్కలకు గులాబీ రంగు రేకలు కిందికి వాలి నిండుగా ఉంటే, దీని రేకలు మాత్రం ముడుచుకుపోయి లేత ఆకుల్లా ఉన్నాయి. నడిమి బొడిపె మీద నారింజ రంగు ముళ్ళు ఉండాల్సిన చోట చిన్న చిన్న ఆకుల కుచ్చులు. ఫోటో తీసి జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఉన్న బాపుకు పంపించాను. ఆయన ఈ పువ్వును ఎన్నడూ చూడలేదు. అయినా ఫోన్ చేసి ఒక్క మాటలో తేల్చేశాడు.

"గది వెర్రి తెగులు బిడ్డా. మన నువ్వు చేన్ల రాదా, పూత రావాల్సిన కాడ ఆకులే గుంపులు గుంపులుగ వస్తయి. పీకి పారెయ్యి."

నాకు పీకబుద్ధి కాలేదు. నాలుగేళ్ళ మొక్క అది, విత్తనం నుంచి పెంచింది. నేనుండేది ఒహాయోలో, కొలంబస్ శివారులో. కోన్‌ఫ్లవర్ ఈ నేల మొక్కే, అమెరికా మధ్య, తూర్పు రాష్ట్రాల గడ్డిమైదానాల్లో, అడవి అంచుల్లో తనంత తాను పెరుగుతుంది. శాస్త్రీయ నామం ఎకినేసియా. గ్రీకు భాషలో ముళ్ళపందిని పిలిచే మాట నుంచి వచ్చింది. ఆ బొడిపె మీద అరచేయి పెట్టి చూస్తే పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. నాకైతే ఉమ్మెత్త కాయే గుర్తొస్తుంది.

విత్తనాలకు చలి తగిలితే బాగా మొలుస్తాయి. మొదటిసారి తడి ఇసుకలో కలిపి, ఫ్రిజ్‌లో దోసెపిండి గిన్నె వెనకాల నెల రోజులు ఉంచాను. తర్వాత మట్టి మీద చల్లి వేలితో అద్దాను అంతే. లోతుగా పూడ్చొద్దు, వెలుతురు తగలాలి. మే నెల మధ్యలో, మంచు భయం పోయాక, మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం వదిలి నేలలో నాటాను. మొదటి ఏడాది ఆకులే. కుందేళ్ళు ఆ ఆకులు కూడా మిగల్చవు, కోళ్ళ జాలీ చుట్టాల్సి వచ్చింది. రెండో ఏడాది పూలు.

మాది బంకమట్టి. చలికాలంలో నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళిపోతుంది. అందుకని ఆరంగుళాల ఎత్తు బోదె పోసి నాటాను. అది మంచి పనే. కానీ ఊరి అలవాటు కొద్దీ పశువుల ఎరువు రెండు బస్తాలు గుమ్మరించాను, అది తప్పు. కాడలు మూడడుగుల పైకి సాగి, మొదటి గాలివానకే నేల మీద పడుకున్నాయి. ఈ మొక్కకు బలమైన తిండి అక్కర్లేదు. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. మొదటి వేసవిలో వారానికొకసారి లోతుగా నీళ్ళు పెడితే, తర్వాత బాగా ఎండలు మండితే తప్ప పైపు పట్టుకునే పని ఉండదు.

మళ్ళీ తెగులు సంగతికి వస్తాను. ఇక్కడ దీన్ని ఆస్టర్ ఎల్లోస్ అంటారు. కారణం ఫైటోప్లాస్మా, బాక్టీరియా జాతిదే, కానీ దానికి కణకవచం ఉండదు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టేదాకా ఇలాంటి తెగుళ్ళన్నీ వైరస్ వల్లే అనుకునేవారు. నువ్వుల్లో వెర్రి తెగులు కూడా ఫైటోప్లాస్మాదే, రెండింటినీ మొక్క నుంచి మొక్కకు మోసేది రసం పీల్చే దీపపు పురుగే. ఇక్కడి దీపపు పురుగులు వసంతంలో దక్షిణ రాష్ట్రాల నుంచి గాలితో పాటు కొట్టుకొస్తాయి. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు చోట్ల అన్నదమ్ముల్లాంటి తెగుళ్ళు. బాపు కంటికి ఆ పోలిక పట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

అయినా నేను ముందు పైభాగం మాత్రం కత్తిరించి చూశాను. మూడు వారాలకు కొత్త చిగుళ్ళు వచ్చాయి, పసుపు తిరిగి, సన్నగా, మళ్ళీ అవే పచ్చ పూలు. రోగం వేళ్ళ దాకా ఉంటుంది, మందు లేదు. నిలబెట్టిన ప్రతి రోజూ పురుగు దాని రసం పీల్చి పక్క మొక్కకు అంటిస్తుంది. ఆగస్టులో ఒక పొద్దున పార తీసుకొని వేళ్ళతో సహా తవ్వేశాను.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. బొడిపె మీద మాత్రమే కుచ్చులు లేచి, మొక్క మిగతా అంతా ఆరోగ్యంగా ఉంటే అది కంటికి కనబడని నల్లి పని కావచ్చు. అప్పుడు ఆ పూలు తుంచి పారేస్తే చాలు. తొందరపడి మొక్క పీకకండి.

మిగిలిన పదకొండు మొక్కలూ బాగున్నాయి. ఆగస్టు చివర్నుంచి వాడిన పూలు కోయడం మానేస్తాను. గింజల కోసం గోల్డ్‌ఫించ్ పిట్టలు వస్తాయి, ఎండిన బొడిపె మీద వాలి ముళ్ళ మధ్య నుంచి ఒక్కొక్క గింజా లాగి తింటాయి. మా ఇంటి చూరుకు వరి కుచ్చు కడితే పిచ్చుకలు వేలాడుతూ తిన్నట్టే.

ఈ జనవరిలో ఫ్రిజ్ వాడలేదు. ఖాళీ గాలన్ పాల డబ్బాలను నడిమికి కోసి, మట్టి నింపి, మా గింజలే చల్లి, మూతలు తీసి బయట మంచులో పెట్టాను. చలి పని చలే చూసుకుంటుంది. మొన్న ఫోన్లో బాపు అడిగాడు, "పీకిన కాడ ఏం పెడుతున్నవు?" అని. ఈ తెగులు మట్టిలో బతకదు, అదే గుంటలో రెండు మొక్కలు పెడతానన్నాను. "పెట్టు, గని ఆకు ఎనుక తిప్పి సూస్తుండు" అన్నాడు.